లేని దేశం నుంచి వచ్చినవాళ్లు

(షికాగో శివారులో తెలుగువాళ్లు జరుపుకునే ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

పోలండ్ గురించి మాట్లాడమన్నారు. ఎందుకు నన్నే అడిగారో మీకందరికీ తెలుసు. నా పేరు చివర ఉన్న ఇంటిపేరు, ఇందాక అధ్యక్షులు పలకబోయి మధ్యలో ఆపేసింది. (నవ్వులు) మీరేం మొహమాటపడకండి. దాన్ని నేనూ తప్పే పలుకుతానని వార్సాలో ఒక హోటల్ గుమస్తా చెప్పాడు. మావారు పలికేది ఇంకా తప్పట.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాను, ఒక పోలిష్ కుటుంబానికి కోడలిని. మావారు ఇక్కడ నాలుగో తరం. ఆయనకు పోలిష్ ముక్క రాదు. మా అత్తగారికి ప్రార్థనలు వచ్చు, క్రిస్మస్ పాటలు వచ్చు, కొన్ని తిట్లు వచ్చు. ఈ మూడింటితో ఎవరితోనూ సంభాషణ నడవదు కదా. అయినా మీరెవరంటే ఇద్దరూ తడుముకోకుండా ‘పోలిష్’ అంటారు. అమెరికాలో అలా చెప్పుకునేవాళ్లు సుమారు 90 లక్షల మంది. వాళ్లలో ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్లు ఐదారు లక్షలు. మరి మిగతావాళ్ల దగ్గర మిగిలిందేమిటి? అది పోలండ్ నుంచి వచ్చిందేనా? పెళ్లయినప్పటి నుంచీ ఈ కుటుంబాన్ని చూస్తున్నదాన్ని, నాకు తోచింది చెబుతాను. వాళ్లు అక్కడి నుంచి మూట కట్టుకొచ్చింది తక్కువ. షికాగోలో, డెట్రాయిట్‌లో, బఫలోలో ఫ్యాక్టరీ పని అయ్యాక సాయంత్రాలు కూర్చుని తయారుచేసుకున్నదే ఎక్కువ.

మావారి ముత్తాత 1906లో ఓడెక్కాడు. అప్పటికి ప్రపంచ పటంలో పోలండ్ లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి 1772లో ఒక ముక్క, 1793లో ఆస్ట్రియా లేకుండా ఇంకో ముక్క, 1795లో మిగిలిందంతా పంచేసుకున్నాయి. మళ్లీ ఆ పేరుతో ఒక స్వతంత్ర రాజ్యం లేచింది 1918 నవంబర్‌లోనే. మధ్యలో 123 ఏళ్లు. అంటే ఐదు తరాలు. 1870ల నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా అమెరికా వచ్చిన పోలిష్ వాళ్లు సుమారు 20 లక్షల మంది అంటారు. వాళ్లందరూ ఇలా లేని దేశం నుంచి వచ్చినవాళ్లే. ఓడ దిగేటప్పుడు అధికారులు చాలాకాలం వాళ్లను రష్యన్ అనో, జర్మన్ అనో, ఆస్ట్రియన్ అనో రాసుకున్నారు. మీరే జాతి వాళ్లని విడిగా అడగడం 1899లో మొదలైంది.

ఇంకో సంగతి ఉంది. ఆ ముత్తాతను ఊళ్లో ఉండగా ‘నువ్వెవరివి’ అని అడిగితే ‘పోలిష్’ అని చెప్పేవాడా? నాకు అనుమానమే. ‘ఈ ఊరివాణ్ణి’ అనేవాడు, ‘కాథలిక్‌ని’ అనేవాడు. పోలిష్ జాతి అంటే పాత రోజుల్లో జమీందార్లు, వాళ్ల వంశాలు. రైతు ఆ లెక్కలోకి రాడు. రైతు వాళ్ల పొలంలో వెట్టి చేసేవాడు. మన తెలంగాణ వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి ఇన్ని రోజులు దొర పొలంలో కూలి లేకుండా పని చేయాలి. ఆస్ట్రియా చేతిలో ఉన్న గలీషియాలో ఇది 1848లో పోయింది, రష్యా చేతిలో ఉన్న భాగంలో 1864లో. మావారి ముత్తాతకు నాన్న వెట్టిలోనే పుట్టాడు.

గలీషియాలో 1846లో జరిగింది చూడండి. జమీందార్లు ఆస్ట్రియా మీద తిరుగుబాటు చేసి దేశాన్ని విడిపిద్దామని సిద్ధమవుతుంటే, రైతులు ఆ జమీందార్ల మీదే తిరగబడ్డారు. యాకూబ్ షేలా అనే రైతు వాళ్ల నాయకుల్లో ఒకడు. గడీల మీద పడి సుమారు వెయ్యి మందిని చంపారు. రైతుకు దేశం సంగతి పట్టలేదు, దొర సంగతి పట్టింది. ఇప్పుడు మా బంధువుల పెళ్లిళ్లకు వెళితే, భుజం మీద, రెక్కలు కట్టుకున్న పాతకాలపు గుర్రపు రౌతుల పచ్చబొట్లు పొడిపించుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. 1683లో వియన్నా దగ్గర టర్కీ సైన్యాన్ని ఓడించిన ఆ రౌతులు జమీందారీ బిడ్డలు. ఈ కుర్రాళ్ల తాతముత్తాతలు వాళ్ల గుర్రాలకు గడ్డి కోసినవాళ్లు. ఈ మాట నేను పెళ్లిలో అనను, ఇక్కడ అంటున్నాను. (నవ్వులు)

మరి ఆ రైతు పోలిష్ ఎక్కడయ్యాడు? ఈ ఊళ్లోనే.

మీరందరూ ఎయిర్‌పోర్ట్ నుంచి డౌన్‌టౌన్‌కు కెనడీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లేవాళ్లే. డౌన్‌టౌన్ దగ్గరపడుతుండగా రోడ్డుకు ఆనుకుని ఒక పెద్ద పాత చర్చి ఉంటుంది. అది సెయింట్ స్టానిస్లాస్ కోస్ట్కా. పారిష్ అంటే ఒక చర్చీ, దాని కింద ఉండే జనమూ. ఇది 1867లో పెట్టింది, షికాగోలో మొదటి పోలిష్ పారిష్. 1890ల చివరికి దాని కింద సుమారు 40,000 మంది ఉండేవారు. దేశంలోనే అతి పెద్ద పారిష్‌లలో ఒకటి. వాళ్లు ఎవరు? పశువుల కబేళాల్లో, తోళ్ల ఫ్యాక్టరీల్లో, ఉక్కు మిల్లుల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల పాత ఊళ్లో చర్చి దొర కట్టించేవాడు, పాదిరీని ఎవరో పంపేవారు. ఇక్కడ చర్చి కావాలంటే వీళ్లే చందాలు వేసుకోవాలి, వీళ్లే అప్పు తేవాలి, వీళ్లే కమిటీ పెట్టుకుని లెక్కలు చూసుకోవాలి. దస్తఖతు రానివాడు కూడా కమిటీ సభ్యుడే. వోమ్‌జా వాడు, పోజ్నాన్ వాడు, టార్నూఫ్ వాడు సొంత ఊళ్లలో ఉంటే ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లు కాదు. మూడు రాజ్యాల ప్రజలు. ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. బడిలో నన్‌లు పోలిష్‌లో పాఠం చెప్పారు, అదీ పుస్తకాల పోలిష్. చాలా ఇళ్లలో పిల్లలు ఆ భాష నేర్చుకొచ్చి తల్లిదండ్రుల యాసను దిద్దారు.

ఇక సంఘాలు. 1873లో రోమన్ కాథలిక్ యూనియన్ వచ్చింది. 1880లో పోలిష్ నేషనల్ అలయన్స్ వచ్చింది. సంఘం పెట్టిన కొన్నాళ్లకే ఇంకో సంఘం పుట్టడం మన ఒక్కరి సొత్తే అనుకునేదాన్ని. (నవ్వులు, చప్పట్లు) అసలు తగువు ఏమిటంటే, కాథలిక్ అయితేనే పోలిష్ అని యూనియన్ వాదన. దేశం ముఖ్యం, మతం తర్వాత అని అలయన్స్ వాదన. సెయింట్ స్టానిస్లాస్ పాదిరీ విన్సెంటీ బర్జిన్‌స్కీ యూనియన్ వైపు. అక్కడికి నాలుగు అడుగుల్లో ఉన్న హోలీ ట్రినిటీ అనే ఇంకో చర్చి అలయన్స్ వైపు. ఆ చర్చిని మూయించారు, తెరిపించారు, మళ్లీ మూయించారు. 1893లో పోప్ ప్రతినిధి వచ్చాక గాని గొడవ సద్దుమణగలేదు. ఇప్పటికీ రెండు చర్చిలూ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. ఓ ఆదివారం చూసి రండి.

ఈ సంఘాలు ఉత్త ఉపన్యాసాలతో బతకలేదు. నెలకు కొన్ని సెంట్లు కడితే మనిషి పోయినప్పుడు భార్యకు డబ్బు వచ్చేది. గనిలో, మిల్లులో ఎప్పుడేం జరుగుతుందో తెలియని రోజులు. 1897లో పెన్సిల్వేనియాలో లాటిమర్ గని దగ్గర నిరాయుధంగా ఊరేగింపుగా వెళ్తున్న కార్మికుల మీద షెరిఫ్ మనుషులు కాల్పులు జరిపితే 19 మంది చనిపోయారు. పోలిష్ వాళ్లు, స్లోవాక్‌లు, లిథువేనియన్లు. అలాంటప్పుడు ఈ బీమా ఒక్కటే ఆసరా. అలా ఇన్సూరెన్స్ కట్టబోయి దేశభక్తి నేర్చుకున్నారు. సంఘం పత్రిక ఇంటికొచ్చేది, అందులో పోలండ్ స్వేచ్ఛ కోసం పోరాడిన సేనాని కొష్చూష్కో బొమ్మ ఉండేది.

1917 వచ్చేసరికి ఈ తయారీ ఎంతదాకా వచ్చిందో చూడండి. పియానో కళాకారుడు పదెరెవ్‌స్కీ అమెరికా అంతా తిరిగి కచేరీ చేసి, వెంటనే పోలండ్ కోసం ప్రసంగం చేసేవాడు. ఫ్రాన్స్‌లో తయారవుతున్న పోలిష్ సైన్యంలోకి ఇక్కడి నుంచి 20,000 మందికి పైగా కుర్రాళ్లు వెళ్లారు. నీలం యూనిఫాం వల్ల దానికి నీలి సైన్యం అని పేరు. దేశం ఇంకా పుట్టలేదు, దానికి సైన్యం షికాగోలో, బఫలోలో, పిట్స్‌బర్గ్‌లో చేరుతోంది. వాళ్లు అమెరికా సైన్యం కాదు కాబట్టి, తిరిగొచ్చాక మాజీ సైనికులకు ఇచ్చే సాయాలేవీ అందలేదు. పదెరెవ్‌స్కీ మాత్రం 1919లో కొత్త పోలండ్‌కు ప్రధానమంత్రి అయ్యాడు. పియానో వాయించే ప్రధాని.

దేశం వచ్చేసింది కదా, వీళ్లు తిరిగి వెళ్లిపోయారా? కొందరు వెళ్లారు. చాలామంది వెళ్లలేదు. ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. ఆ తర్వాత కరిగిపోవడం మొదలైంది. దీన్ని తొందరగా చెప్పేస్తాను, మనకు తెలిసిన కథే. 1924 చట్టంతో కోటాలు బిగించి కొత్తవాళ్లు పెద్దగా రాకుండా చేశారు. షికాగో ఆర్చ్‌బిషప్ జార్జ్ మండలైన్ పారిష్ బడుల్లో పాఠాలు ఇంగ్లీషులో చెప్పమన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో కుర్రాళ్లు అమెరికా సైన్యంలో పనిచేసి, వచ్చాక శివార్లలో ఇళ్లు కొన్నారు. 1950లలో ఎక్స్‌ప్రెస్‌వే వేసేటప్పుడు మొదటి ప్లాన్ ప్రకారం సెయింట్ స్టానిస్లాస్ పడిపోవాలి. జనం గొడవ చేస్తే రోడ్డును పక్కకు వంచారు. చర్చి నిలిచింది, చుట్టూ ఉన్న పేట చెదిరిపోయింది. 1960లు, 70లలో టీవీలో పోలిష్ జోకులు వచ్చేవి. పోలిష్ వాడంటే తెలివి తక్కువవాడని. మా అత్తగారు వాటికి నవ్వేవారట. నవ్వకపోతే మనల్నే అంటున్నారని ఒప్పుకున్నట్టవుతుందని.

ఇంటిపేర్లూ అప్పుడే తెగ్గోసుకున్నారు. వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే న్యూయార్క్ రేవు ఎలిస్ ఐలండ్‌లో గుమస్తాలు పేర్లు మార్చేశారని అందరూ చెప్పుకుంటారు గాని అది నిజం కాదు. వాళ్ల దగ్గర ఓడవాళ్లు రాసిన జాబితా ఉండేది, దాంతో సరిచూసుకునేవారు. పేర్లు మార్చుకున్నది వీళ్లే, తర్వాత, ఉద్యోగం కోసం. 1980లో విదేశాంగ మంత్రి అయిన ఎడ్మండ్ మస్కీ తండ్రి మార్చిషెవ్‌స్కీ పేరుతో వచ్చినవాడు. మావారి పెదతాత పిల్లలూ ఇలాగే మార్చుకున్నారు. మా వైపు వాళ్లు ఎందుకు మార్చుకోలేదో ఎవరికీ తెలియదు. బద్ధకం అయ్యుంటుందని మా మామగారి అభిప్రాయం.

మళ్లీ 1978 అక్టోబర్‌లో పోలండ్‌లోని క్రాకో కార్డినల్ పోప్ అయ్యాడు. ఆ మరుసటి ఏడాది షికాగో వచ్చాడు. 1980లో గ్దాన్స్క్ ఓడల కార్ఖానాలో సాలిడారిటీ యూనియన్ పుట్టింది. జోకులకు నవ్విన అత్తగారే కారు వెనక ఎరుపు తెలుపు స్టిక్కర్ అంటించారు. అయితే అప్పుడు పోలండ్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకూ ఈ పాతకాపులకూ పొసగలేదు. కొత్తవాళ్లు చదువుకున్నవాళ్లు, నగరాల వాళ్లు. ‘మీరు పోల్కా డాన్సులు పోలిష్ అంటారేమిటి, అది చెక్ వాళ్లది కదా’ అన్నారు. వాళ్ల లెక్కలో మజుర్కా, పొలొనేజ్ అసలైనవి. వీళ్లకేమో తాత అకార్డియన్ మీద వాయించిందే అసలైనది. ఇద్దరూ ఒకే చర్చిలో వేర్వేరు సమయాలకు వెళ్లేవారు.

తిండి దగ్గరా ఇంతే. పొంచ్‌కి అని జామ్ పెట్టి నూనెలో వేయించే తీపి ఉంటుంది. పోలండ్‌లో దాన్ని లెంట్ ఉపవాసాలకు ముందొచ్చే గురువారం తింటారు. డెట్రాయిట్ పక్కన హామ్‌ట్రామిక్‌లో మంగళవారం తింటారు, తెల్లవారకముందే బేకరీల ముందు క్యూ కడతారు. ఈస్టర్ మర్నాడు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకునే పండగ పోలండ్‌లో ఇళ్లల్లో, వీధుల్లో జరిగే సరదా. బఫలోలో అది ఊరేగింపులతో, పోల్కా బ్యాండ్‌లతో రోజంతా జరిగే జాతర. వార్సా నుంచి వచ్చినవాడికి ఇవన్నీ వింతగా ఉంటాయి. తప్పని కూడా అనిపించవచ్చు. నాకు మాత్రం బఫలో జాతర బఫలో వాళ్లది, అంతే. ఏళ్ల తరబడి ఒక ఊరు ఒక పండగ చేస్తే అది వాళ్ల పండగ కాకుండా పోదు.

పాతది పెద్దగా మారకుండా నిలిచింది ఒక్క విగీలియా, క్రిస్మస్ ముందు రాత్రి భోజనం. మొదటి చుక్క కనిపించేదాకా తినకూడదు. టేబుల్ గుడ్డ కింద కాస్త ఎండుగడ్డి. పన్నెండు వంటకాలు. అనుకోకుండా ఎవరైనా వస్తే కూర్చోవడానికి ఒక కంచం అదనంగా పెడతారు. ఓప్వాటెక్ అని పల్చటి అప్పంలాంటిది ఒకరిది ఒకరు విరుచుకుని తింటూ శుభాకాంక్షలు చెప్పుకుంటారు. ఆ పూట మాంసం ఉండదని మా అమ్మకు నేను ఫోన్‌లో చెబితే, మంచి సంప్రదాయం అని సంబరపడింది. తీరా వచ్చి చూస్తే బల్ల మీద మూడు రకాల చేపలు. (నవ్వులు) అప్పుడు అత్తగారు పాడే పాటల్లో ఒక్క మాటకూ ఆవిడకు అర్థం తెలియదు. స్వరం తప్పదు, మాట తప్పదు. మన ఇళ్లలో సంస్కృత మంత్రాలు చదివేవాళ్లను చూసి పెరిగిన నాకు అది ఏమీ కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు మావారి వెతుకులాట. రిటైరయ్యాక ఊరు కనుక్కోవాలని పట్టుబట్టారు. పాత చర్చి రికార్డులు చాలా మటుకు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. జెనెతెకా అని ఒక సూచిక ఉంది, అక్కడి వంశచరిత్రల సంఘం వాళ్లు నడుపుతారు, ఉచితం. అందులో ముత్తాత పుట్టుక దొరికింది. స్కాన్ తెరిచి చూస్తే అంతా రష్యన్ లిపి. రష్యా ఏలుబడిలో 1868 నుంచి ఆ నమోదులు రష్యన్‌లో రాయాలి. అంతకుముందువి పోలిష్‌లో ఉంటాయి, ఆస్ట్రియా వైపువి లాటిన్‌లో. అంటే పోలిష్ మూలాలు వెతికేవాడు ముందు రష్యన్ చదవడం నేర్చుకోవాలి. తేదీలు కూడా రెండేసి, పాత పంచాంగం ప్రకారం ఒకటి, కొత్తదాని ప్రకారం ఒకటి. చదివించుకుంటే ఇలా ఉంది: ఫలానా రైతు, ఇన్నేళ్లవాడు, ఇద్దరు సాక్షులతో హాజరై మగశిశువును చూపించాడు, వచ్చినవారికి చదువు రాదు కాబట్టి చదివి వినిపించి మేమే సంతకం చేశాము. మేమే అంటే పాదిరీ. అలాంటి కాగితాలన్నిట్లో చివరి వాక్యం దాదాపు ఇదే.

ఊరు వోమ్‌జా దగ్గర. చదునైన నేల, రై పొలాలు, పాడి. వెళ్లాం. దూరపు బంధువులు ఉన్నారు, చాలా ప్రేమగా చూశారు. ట్రాక్టర్ కొత్తది, రోడ్డు యూరోపియన్ యూనియన్ డబ్బుతో వేసింది. మావారు గడ్డి ఇల్లు ఊహించుకుని వెళ్లారు పాపం.

అక్కడికి 20 కిలోమీటర్ల దూరంలో యెద్వాబ్నే అని ఒక చిన్న ఊరు. 1941 జూలై 10న, జర్మన్ సైన్యం వచ్చిన కొద్ది రోజులకు, జర్మన్ల ప్రోద్బలంతో అక్కడి పోలిష్ వాళ్లు తమ ఇరుగుపొరుగు యూదుల్ని ఒక గడ్డివామి కొట్టంలో పెట్టి తగలబెట్టారు. పోలండ్ ప్రభుత్వ సంస్థే విచారణ చేసి, చనిపోయినవాళ్లు కనీసం 340 మంది అని తేల్చింది. 2001లో అప్పటి అధ్యక్షుడు క్వాష్నియెవ్‌స్కీ అక్కడే నిలబడి క్షమాపణ అడిగాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఎందుకంటే ముత్తాత అప్పటికే షికాగోలో ఉన్నాడు, మన కథలో యుద్ధం అంటే అమెరికా సైన్యంలో తాత. కానీ ముత్తాత అన్నదమ్ములు ఆ ప్రాంతంలోనే ఉన్నారు. వాళ్లు ఆ వేసవిలో ఏం చేశారో, ఏం చూశారో చెప్పే కాగితం మాకు దొరకలేదు. మావారు ఊళ్లో అడగలేదు. నేను అడుగుదామన్నాను, వద్దన్నారు. మా ఇద్దరికీ దాని మీద ఇప్పటికీ వాదన అవుతుంది.

రెండో వైపు కూడా చెప్పాలి. యూదుల్ని కాపాడినందుకు ఇజ్రాయెల్ గౌరవించినవాళ్లలో ఏ దేశం కన్నా పోలిష్ వాళ్లే ఎక్కువ, 7,000 మందికి పైగా. పట్టుబడితే ఇంటిల్లిపాదికీ మరణశిక్ష ఉన్న చోట కాపాడారు. యుద్ధానికి ముందు పోలండ్‌లో ప్రతి పదిమందిలో ఒకరు యూదు, దాదాపు 33 లక్షల మంది. వాళ్లలో సుమారు 30 లక్షల మందిని నాజీలు చంపేశారు. మా వీధిలోనే ఒకాయన ఉన్నారు. ఆయన తాతగారిది కూడా వోమ్‌జానే. ఆయన పోలిష్ అని చెప్పుకోరు, యూదు అని చెప్పుకుంటారు. ఒకే ఊరు నుంచి వచ్చిన ఇద్దరి మనవళ్లు, ఒకరికి పోలండ్ వారసత్వం, ఇంకొకరికి కాదు.

ఇక మనకున్న లంకె. మా పారిష్‌లో ఒక ముసలావిడ నన్ను చూసి హిందీలో ‘పానీ’ అని నవ్వారు. 1940లో సోవియట్లు తూర్పు పోలండ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలను సైబీరియాకు తోలేశారు. బయటపడ్డవాళ్లలో కొందరు 1942 నుంచి ఇరాన్ మీదుగా మన దేశం వచ్చారు. జామ్‌నగర్ మహారాజు బాలాచడిలో పిల్లలకు ఆశ్రయం ఇచ్చాడు. కొల్హాపూర్ దగ్గర వలివడెలో దాదాపు 5,000 మంది ఉన్నారు. ఈవిడ బాల్యం వలివడెలో. యుద్ధం అయ్యాక తిరిగి వెళ్దామంటే వీళ్ల ఊరు సోవియట్ యూనియన్‌లో ఉంది. మళ్లీ లేని దేశమే.

చివరగా పౌరసత్వం సంగతి, చాలామంది ఇందాకే అడిగారు. మా అమ్మాయికి యూరప్‌లో చదవాలని ఉంది. వంశం ద్వారా పోలిష్ పౌరసత్వం వస్తుందని విని దరఖాస్తుకు కాగితాలు తీసింది. పోలండ్ పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది 1920 జనవరి 31న. అప్పటికే వేరే దేశం పౌరుడైపోయిన వాడికి అది వర్తించదు. ముత్తాత 1913లోనే అమెరికా పౌరుడయ్యాడు. ఆయన అప్పుడు పెట్టుకున్న దరఖాస్తు కాపీ తెప్పించాం. అందులో ఆయన వదులుకున్నది, అప్పటిదాకా తాను ప్రజగా ఉన్న రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పట్ల విధేయతను. పోలండ్ పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మా అత్తగారు అద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. “అయితే కాగితం ప్రకారం మనం ఒక్కరోజు కూడా పోలిష్ కాదన్నమాట” అన్నారు. కాదన్నారు మావారు. “సరే. శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు, ఆరింటికి. కుర్చీలు వేయడానికి నువ్వు ఐదింటికే రావాలి” అన్నారు.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.